వాయుగుండమంటే ఎంత గాలి?

పాత పత్రికల్లో ‘వాయుగుండం’ అని కనిపించిన ప్రతిచోటా నేటి వాతావరణ శాఖ కొలతనే, అంటే గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలినే, అనుకోవాలని ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటినది పెనుతుపాను అయినా, మా ఊరి పెద్దలు నేటికీ దాన్ని ‘ఆనాటి వాయుగుండం’ అనే చెబుతారు. రచ్చబండ దగ్గర పత్రిక చదివించుకొని విన్న మాటే వారి నోట నిలిచిందని నా అనుమానం. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న వరుస శాస్త్రానికి అవసరమే. అయితే పాత వార్తలో గాలి ఉధృతిని అంచనా కట్టదలచినవారు ఆ పదాన్ని పక్కన పెట్టి, తుపాను ముప్పును ఓడలకు తెలిపేందుకు రేవుల్లో ఎగరేసే, 1 నుంచి 11 వరకు ఉండే ప్రమాద సూచికల్లో నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం రేవులో ఆ రోజు ఎన్నోది ఎగరేశారో అదే వార్తలో వెతకడం మేలు.