ఇంటి స్టూడియోలో బ్యాండు కలిసి వాయించడమే మేలు

ఇంట్లో స్టూడియో పెట్టుకున్న చిన్న బ్యాండ్లు ఇప్పుడు తరచుగా పాటను ముక్కలుగానే రికార్డు చేస్తున్నాయి. లయ తప్పకుండా చెవిలో టిక్కుటిక్కుమనే క్లిక్ పెట్టుకుని ముందు గిటార్, మరో రోజు బేస్, ఆ తర్వాత డ్రమ్స్, చివరికి గొంతు. రెండు ఛానళ్ల ఇంటర్‌ఫేసు (మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పరికరం), ఒకే ఒక్క మైకు ఉన్నవారికి అంతకుమించిన దారి లేదు కనుక వారిని తప్పుపట్టలేం. కానీ ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేసు ఉండి, నలుగురూ ఒకే ఊళ్లో ఉంటూ, వారం వారం కలిసి సాధన చేసే బృందం కూడా రికార్డింగ్ అనగానే ఎవరికి వారు విడిపోవడం నాకు సరైన పద్ధతిగా తోచదు. కలిసి వాయించేటప్పుడు గాయని ఒక మాటను కాస్త సాగదీస్తే బేస్ వాయించేవారు ఆమె ముఖం చూసి ఆ క్షణం ఆగుతారు, డ్రమ్మర్ ఆ ఆగడాన్ని గమనించి తర్వాతి దెబ్బను దానికి తగ్గట్టు వేస్తారు. ముందే రికార్డయిన ట్రాకు ఎవరి మాటా వినదు. దాని వెంట మనం నడవాల్సిందే తప్ప అది మన కోసం ఆగదు.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. మద్రాసు స్టూడియోల్లో మన సినిమా పాటలు చాలాకాలం పాటు గాయకులూ వాద్యబృందమూ ఏకకాలంలో పాడి వాయించగా రికార్డయినవే. చివరి చరణంలో ఒక్కరు తడబడినా అందరూ పల్లవి నుంచి మళ్లీ ఎత్తుకోవాల్సి వచ్చేది. 1967లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్, తర్వాత ‘ది బ్యాండ్’గా పేరుపొందిన బృందం న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక అద్దె ఇంటి నేలమాళిగలో కలిసి వాయించినప్పుడు, టేపు రికార్డరు చూసుకున్నది కూడా ఆ బృందంలోని కీబోర్డు వాద్యకారుడు గార్త్ హడ్సనే. 1987లో కెనడాకు చెందిన ‘కౌబాయ్ జంకీస్’ టొరంటోలోని ఒక చర్చిలో ఒకే మైకు చుట్టూ కూర్చుని ఆల్బమ్ రికార్డు చేశారు. ఎవరి శబ్దం ఎంత వినిపించాలన్నది వారు తర్వాత శబ్దాలను కలిపి సరిచేసే మిక్సింగ్‌లో కాక, మైకుకు ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలన్న దగ్గరే తేల్చుకున్నారు.

నేటి బ్యాండ్ల భయమంతా ఒక మైకులోకి పక్క వాయిద్యం చొరబడటం గురించే. ఆ భయానికి కారణం లేకపోలేదు. ధ్వని మీటరు దూరం వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. డ్రమ్ దెబ్బ తన మైకులోకి ముందుగానూ గాయని మైకులోకి కొంత ఆలస్యంగానూ చేరి, మిక్సింగ్‌లో ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని దెబ్బ డొల్లగా వినిపిస్తుంది. అందుకే ఇంజినీర్లు ఒక లెక్క పాటిస్తారు: వాయిద్యానికి మైకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పక్క మైకు ఆ మైకుకు కనీసం 60 సెంటీమీటర్ల, అంటే మూడు రెట్ల, ఎడంగా ఉండాలి. అయితే వాయిద్యాలన్నీ దాదాపు ఒకే స్థాయిలో మోగుతున్నప్పుడే ఈ లెక్క అక్కరకొస్తుంది. పూర్తి డ్రమ్ సెట్టు పక్కన మెల్లగా పాడే గొంతును ఏ లెక్కా కాపాడలేదు. చిన్న గదిలో డ్రమ్మర్ కర్రలు పక్కనపెట్టి మెల్లగా మోగే బ్రష్‌లు పట్టుకోవడమో, చేతులతో వాయించే చెక్కపెట్టె లాంటి కహోన్ వాయించడమో ఖరీదైన మైకు కొనడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఎవరు ఎక్కడ నిలబడాలన్నదీ అంతే ముఖ్యం. కార్డియాయిడ్ మైకు తన వెనుక వైపు శబ్దాన్ని చాలా తక్కువగా పట్టుకుంటుంది కనుక, గాయని డ్రమ్మర్‌కు ఎదురుగా నిలబడితే మైకు వెనుక భాగం డ్రమ్స్ వైపు ఉంటుంది, ఒకరి ముఖం ఒకరికి కనబడుతుంది కూడా. అప్పుడు గాయని వీపు వెనుక ఉన్న గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం నేరుగా మైకులో పడుతుంది. అక్కడ ఒక మందపాటి బొంత వేలాడదీయడం తప్పనిసరి. గిటార్ వాయిస్తూ పాడేవారికైతే ఫిగర్-ఎయిట్ మైకులు రెండు వాడటం ఉత్తమం. ఈ మైకు ముందూ వెనుకా వింటుంది, పక్కలకు దాదాపు చెవిటిది. గొంతు మైకు పక్కభాగం గిటార్ వైపు, గిటార్ మైకు పక్కభాగం నోటి వైపు ఉండేలా వంచితే, మూరెడు దూరంలోనే ఉన్న ఆ రెంటినీ చాలావరకు విడదీయవచ్చు.

మన ఇళ్ల సిమెంటు గోడలు, టైల్స్ నేల మరో సమస్య. పది అడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఉబ్బుతుంది. బేస్ గిటార్‌లో ఎ తీగను నొక్కకుండా మీటితే వచ్చే స్వరం 55 హెర్ట్జ్. ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గదంతా గుమ్మంటుంది, ఇనుప బీరువా తలుపు గలగలలాడుతుంది. బేస్‌ను డీఐ (స్పీకరు, మైకు అవసరం లేకుండా గిటార్ సంకేతాన్ని పంపే చిన్న పెట్టె) ద్వారా నేరుగా ఇంటర్‌ఫేసులోకి పంపి, వాద్యకారులకు హెడ్‌ఫోన్లలో వినిపిస్తే ఆ బాధ తప్పుతుంది. ఫ్యాను, ఏసీ ఆపక తప్పదు కనుక మా ప్రాంతాల్లో ఎండాకాలం పగటి పూట ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఈ పద్ధతికి వెల ఉంది. గొంతు ఒక్కటే తర్వాత తిరిగి పాడుదామంటే కుదరదు, ఎందుకంటే పాత గొంతు డ్రమ్స్ మైకులో ఉండనే ఉంటుంది. పొరలు పొరలుగా శబ్దాలు పేర్చాల్సిన పాటలకూ, భారీ డ్రమ్స్ మీద ఆధారపడే సంగీతానికీ ఇది నప్పదు. మిగిలిన బృందాలు మాత్రం పాట మొత్తాన్ని కొన్నిసార్లు వాయించి, పల్లవి ఒక టేకు నుంచి, రెండో చరణం మరో టేకు నుంచి తీసుకుని, అన్ని ట్రాకులనూ ఒకే చోట కోసి అతకవచ్చు. అతుకు తెలియకుండా ఉండాలంటే టేకుకూ టేకుకూ మధ్య మైకులు, కుర్చీలు, ఆంప్ వాల్యూములు కదలకూడదు. అందుకే నేల మీద రంగు టేపుతో గుర్తులు పెట్టుకుని, విరామం తర్వాత కూడా ఎవరి గుర్తు దగ్గర వారే కూర్చోవాలి.