ఒంట్లో బాగానే ఉందిగా!

క్యాన్సర్ స్క్రీనింగ్‌కు రమ్మంటే చాలామంది నోట మొదట వచ్చే మాట: ‘ఒంట్లో బాగానే ఉందిగా, నాకెందుకు?’ ఈ పరీక్షలు ఉన్నదే బాగున్నవాళ్ల కోసం. గడ్డో, నొప్పో, రక్తస్రావమో కనిపించాక చేసేవి రోగనిర్ధారణ పరీక్షలు. స్క్రీనింగ్ జరగాల్సింది అంతకు చాలా ముందు. హెచ్‌పీవీ వైరస్ ఒంట్లో తిష్ఠ వేశాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంత గడువు ఇచ్చే జబ్బు చేతికి చిక్కకుండా పోతోందంటే బాధ కలుగుతుంది.

రానివాళ్లను అజ్ఞానులని కొట్టిపారేయడం తేలిక. అందుకు మేం ఒప్పుకోం. 1950లలో అమెరికాలో క్షయను ముందే పట్టుకోవడానికి వ్యాన్లు పంపి ఉచితంగా ఛాతీ ఎక్స్‌రేలు తీస్తామన్నా జనం అనుకున్నంతగా రాలేదు. కారణం వెతికిన మనస్తత్వవేత్త గాడ్‌ఫ్రే హోచ్‌బామ్ వాళ్ల నమ్మకాల గురించి అడిగారు. తమకూ జబ్బు రావచ్చని, ముందే తెలిస్తే మేలని రెండూ నమ్మినవాళ్లలో 82 శాతం మంది తమంతట తాము ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివాళ్లలో 21 శాతమే. ఆరోగ్య విశ్వాస నమూనా అనే సిద్ధాంతం రూపుదిద్దుకున్నది ఆ రోజుల్లోనే. క్యాన్సర్ విషయంలోనూ అడగాల్సింది అదే: వాళ్లు ఏం నమ్ముతున్నారు?

‘మా వంశంలో ఎవరికీ లేదు’ అనేది ఒక ధీమా. వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్లు 5 నుంచి 10 శాతమే. ‘సూది గుచ్చితే పాకిపోతుంది’ అనే మాట విని బయాప్సీకి, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు, వెనకాడేవాళ్లూ ఉన్నారు. ఇలాంటివి డాక్టరు ఓపిగ్గా రెండు మాటలు చెబితే తొలగుతాయి.

భయం అలా కాదు. కొంత భయం మనిషిని ఆస్పత్రి దాకా నడిపిస్తుంది, మితిమీరితే గుమ్మం దాటనివ్వదు. ‘ఉందని తెలిస్తే ఆ దిగులుతోనే పోతాను’ అనేవారి మనసులో క్యాన్సర్ అంటే చావే. ఆ భయం పెంచడంలో మా పత్రికల వాటా కూడా ఉంది. కాటేసింది, కబళించింది అని పెద్దక్షరాల్లో రాస్తాం. ముందే కనిపెట్టి, చికిత్స చేయించుకుని మామూలుగా బతుకుతున్నవాళ్ల కథ మాత్రం లోపలి పేజీలో చిన్నగా వేస్తాం. ఇది మారాలి, మాతో సహా.

అలాగని స్క్రీనింగ్‌కు లోపాలే లేవన్నట్టు ప్రచారం చేయడమూ సరికాదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తర్వాత మళ్లీ రమ్మన్నవాళ్లలో ఎక్కువమందికి చివరికి క్యాన్సర్ ఉండదు. ఒక్కోసారి ఎన్నటికీ హాని చేయని మార్పులు కూడా బయటపడి అవసరం లేని చికిత్సకు దారితీస్తాయి. ఈ సంగతులు ముందే చెబితే మళ్లీ రమ్మన్న రోజున టెన్షన్ తగ్గుతుంది, నమ్మకం నిలుస్తుంది.

బిడియం సంగతి విడిగా చెప్పుకోవాలి. 2030 నాటికి 70 శాతం మంది మహిళలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను మహిళలు తామే తీసుకునే పద్ధతినీ ఆ సంస్థ సమ్మతించింది. పరాయివాళ్ల ముందు పడుకోవాలనే సంకోచంతోనే ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్న మహిళలకు పిలుపు పంపేటప్పుడు అందులో మొదటి వాక్యం ‘నమూనా మీరే తీసుకోవచ్చు’ అన్నదే కావాలి.