రాన్నా, అదేం చెయ్యదు!

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పశువుల వల్ల జరిగే ప్రమాదాలకు అసలు కారణం పశువులు కావనీ, వాటి యజమానుల నోట్లోంచి వచ్చే "రాన్నా, అదేం చెయ్యదు" అన్న మాటేననీ ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను. కొట్టంలో కట్టేసిన కోడెను చూపించినా, నిన్న రాత్రి ఈనిన జెర్సీ ఆవును చూపించినా, వీధిలోకి వదిలేసిన ఆంబోతును చూపించినా అదే మాట, అదే ధీమా. ఆ మాట అనే పెద్దమనిషి ఎక్కడ నిలబడి ఉంటాడో ఎప్పుడైనా చూశారా? గోడకు అవతల.

కనుమ నాడు పొద్దున్నే ఏ పల్లెకైనా బెంగళూరు నుంచి ఒక బావ దిగుతాడు. కూలింగ్ గ్లాసులు, సెంటు, కొత్త ఎర్ర చొక్కా. కొమ్ములకు రంగులేసిన కోడె పక్కన ఫోటో దిగకపోతే ఆయనకు పండగ చేసుకున్నట్టే ఉండదు. "దగ్గరికి పో బావా, నా చేత్తో పెంచినా దాన్ని" అంటాడు బామ్మర్ది. బావ ఒక అడుగేస్తాడు. కోడె తల దించుతుంది. "చూసినావా, నమస్కారం పెడతా ఉంది." ముందుకాలి గిట్టతో మన్ను ఎగజిమ్ముతుంది. "ఆడుకుంటా ఉంది బావా." బుస కొడుతుంది. "జలుబు చేసుంటుందిలే." ఒళ్లు పక్కకు తిప్పి తనెంత పెద్దదో నిదానంగా చూపిస్తుంది. "అబ్బ, ఫోటోకి పోజు!" ఈలోపు బావ తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు, గట్టిగా పట్టుకోమని చెప్పింది కూడా బామ్మర్దే. తర్వాత జరిగింది ఫోటోలో సరిగ్గా పడలేదు కానీ కూలింగ్ గ్లాసులు మాత్రం పేడదిబ్బలో దొరికాయి. బావ ఊపిరి తీసుకోకముందే తీర్పు వచ్చేసింది. "నీ ఎర్ర చొక్కా చూసి బెదిరింది బావా. ఇంతవరకూ ఎవర్నీ పొడవలేదు. పోయిన నెల పాలాయన్ను తప్ప. అదీ ఆయన తప్పే."

చొక్కా మీదికి నెట్టడం ఇక్కడ ఆనవాయితీ. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా కనిపెట్టే కన్ను కాదయ్యా పశువుది, దాన్ని బెదరగొట్టేది కదలిక. పైగా తల దించడం, మన్ను గీరడం, అడ్డం తిరిగి ఒళ్లు చూపించడం, ఇవన్నీ అది వరసగా ఇచ్చిన నోటీసులు. కోర్టువాళ్లు కూడా ఇంత పద్ధతిగా ఇవ్వరు. వాటిని చదవగానే వీపు చూపించి పరుగెత్తకుండా, దాని మీద కన్నుంచి మెల్లగా వెనక్కి జరిగి ఏదో ఒక కంచె అవతలికి చేరుకోవాలి. చుట్టిన తాడుతో ఎక్కడికి జరుగుతాడు బావ?

చంద్రగిరి మండలం రంగంపేట పశువుల పండగలో తమాషా ఇంకోటి ఉంది. కొమ్ములకు పలకలు కట్టి ఇరుకు వీధిలోకి వదులుతారు, కుర్రాళ్లు మీదపడి ఆ పలకలు లాక్కోవాలి. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు వద్దంది కాబట్టి మనవాళ్లు ఇది జల్లికట్టు కాదు, పశువుల పండగ అంటారు. ఆ సంగతి ఎద్దుకు ఎవరైనా చెప్పారో లేదో. పొద్దున కొట్టంలో ఏమీ చెయ్యని కోడే మధ్యాహ్నానికి వీధిలో "మనోణ్ణి ఎవడూ ఆపలేడు" అయిపోతుంది. రెండు మాటలూ అనేది ఒక్కడే.

తిరుపతి రోడ్ల మీద ఆంబోతుల సంగతి క్లుప్తంగా చెబుతా. 1871 నాటి చట్టం బందెలదొడ్డి పెట్టింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్, తన పశువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి 6 నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో వేయమంటుంది. కానీ ఎవర్నైనా కుమ్మిన క్షణం నుంచి ఆ ఆంబోతుకు యజమానే ఉండడు. అది దేవుడిది అయిపోతుంది. పాలిచ్చేటప్పుడు మాత్రం వాళ్లమ్మ మనదే.

బావల కథకు నవ్వొచ్చు. కొట్టంలో పాలు పిండే ఆడవాళ్ల కథకు నాకు నవ్వు రాదు. తెల్లవారుజామున, పాల సెంటరు వ్యాను వచ్చేలోపు, సరిగ్గా వెలుతురు లేని కొట్టంలో, మూడు నాలుగు వందల కిలోల ఆవు పొదుగు దగ్గర తల పెట్టుకుని కూర్చుంటారు వాళ్లు. ఆవు కాలు వెనక్కే కాదు, ముందుకీ పక్కకీ కూడా విసురుతుంది, అంటే సరిగ్గా ఆమె కూర్చున్న చోటికి. కొత్తగా ఈనిన ఆవు దూడ కోసం అమ్మలాంటి ఆమెను కూడా కుమ్ముతుంది. వెనక కాళ్లకు బందం వెయ్యి, దూడను తల్లి కళ్లెదుటే ఉంచు, వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా పోవద్దు, కొట్టంలో ఒక బల్బు పెట్టు. ఇవేమైనా లక్షలయ్యే పనులా? ఆవు చెవికి 12 అంకెల పసుపు ట్యాగు ఉంది, అది చస్తే బీమా అడగడానికి కాగితాలున్నాయి. దాని తన్నుకు పక్కటెముక విరిగిన మనిషికి ఏముంది? ఆమె కింద పడితే ఇంట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "పాలు ఒలికిపోయినాయా?" సిగ్గుండాలి. బందం వేస్తే పాలు తగ్గుతాయట, బల్బు పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందట. సరే సామీ, రేపు తెల్లారి బకెట్టు పట్టుకుని నువ్వే కూర్చో, ఆమె గోడ అవతల నిలబడి చూస్తుంది.