సంతకం ఉండగా ఇన్సూరెన్సు దండగ

తిరుపతి, చిత్తూరు నర్సింగ్ కాలేజీల మేడములకు ఈమధ్య సొంతంగా ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిలో జరిగిన పొరపాటుకు ఎవరైనా పరిహారం అడిగితే భరించే ఇన్సూరెన్సు) తీసుకోవాలన్న దురాలోచన పుట్టిందట. ఇది యాజమాన్యం మీద అపనమ్మకం కాక మరేమిటి? మీ ఒరిజినల్ సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళం వేసి మరీ కాపాడుతున్నవాళ్లు మిమ్మల్ని కాపాడరా?

పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఇన్‌స్పెక్షన్ నాడు అది తు.చ. తప్పదు. గంగ జాతరలో బైరాగికి, దొరకు, మాతంగికి తలా ఒక రోజుంటుంది. ఇక్కడ వేషాలన్నీ ఒకే పూట కడతారు. మర్నాటి నుంచి ముప్పై మంది పిల్లలు, మూడు వార్డులు, ఒక్క మేడం.

ఆ ముప్పైలో ఒకమ్మాయి ఇన్సులిన్ లోడ్ చేస్తోందనుకోండి. వయల్ మీద 40 (మిల్లీలీటరుకు 40 యూనిట్లు) ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఉంటే నారింజ మూతది వాడాలి. వయల్ 100ది, ట్రేలో దొరికింది ఎర్ర మూతది. 10 గీత దాకా లాగితే పావు మిల్లీలీటరు, అంటే 10 యూనిట్లకు బదులు 25. కాసేపటికి పేషెంటుకు చెమటలు, వణుకు, ఆపైన స్పృహ ఉండదు. మేడం అప్పుడు పక్క వార్డులో ఇంకో అమ్మాయి క్యాథెటర్ వేస్తుంటే దగ్గరున్నారు. పిల్లలు చేసిన పనులు రాసుకునే ప్రొసీజర్ బుక్కులో మాత్రం, పర్యవేక్షించినవారి గడిలో, ఆమె సంతకం నిక్షేపంగా ఉంది. శనివారం సాయంత్రం దొంతరగా పెట్టిన సంతకాల్లో అదొకటి. లాయరు వెతుక్కునే పేజీ అదే.

ఆసుపత్రికి పాలసీ ఉండదా అంటారా? ఉంటే ఆసుపత్రికి, దాని సిబ్బందికి. మేడం అక్కడ పోస్టింగ్‌కు వచ్చిన చుట్టం.

అయినా మొండికేసి పాలసీ తీసుకునేవారు ఫారంలో వృత్తి దగ్గర ‘స్టాఫ్ నర్సు’ అని రాసి ఊరుకోండి. విద్యార్థుల పర్యవేక్షణ ఊసెత్తకండి. క్లెయిమ్ కొట్టేయడానికి కంపెనీవాళ్లు కారణం వెతుక్కునే శ్రమ తప్పుతుంది. కాలేజీ మారేటప్పుడు నాలుగు నెలల ప్రీమియం మిగుల్చుకోండి. ఇవి మామూలుగా ‘క్లెయిమ్స్ మేడ్’ పాలసీలు: తప్పు జరిగిననాడు ఉంటే చాలదు, క్లెయిమ్ వచ్చిననాడూ అమల్లో ఉండాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి పేషెంటుకు రెండేళ్ల గడువుంది. రెన్యువల్ తప్పితే పాత రెట్రోయాక్టివ్ డేట్ (ఏ తేదీ నుంచి జరిగిన తప్పులకు పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ) పోయి, కొత్త తేదీకి ముందు జరిగిందంతా మీ నెత్తినే. నోటీసు రాగానే కంపెనీకి చెప్పకుండా, ‘తప్పు మాదే, ఇంత ఇస్తాం’ అని రాసిచ్చి రండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా అలా ఒప్పుకోకూడదన్న షరతును ఎవరూ చదవకూడదనే అంత చిన్న అక్షరాల్లో వేస్తారు.

ఇక భారతీయ న్యాయ సంహిత 106(1). నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఐదేళ్ల దాకా జైలు. వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కైతే రెండేళ్ల దాకానే. ఆ నిర్వచనంలో నర్సు లేదు. జీతంలో లేకపోతేనేం, ఇక్కడైనా డాక్టరు కంటే మేడంకే ఎక్కువ రాసిపెట్టారు! జైలుకు బదులు వెళ్లే పాలసీ, జరిమానా కట్టే పాలసీ ఉండవు. క్రిమినల్ కేసులో లాయరు ఖర్చు ఇస్తారా అన్నది తీసుకునే ముందే అడగాలి.

ఇదంతా ఎందుకనుకుంటే, ‘క్లినికల్ పోస్టింగ్‌లో ఏం జరిగినా బాధ్యత మాది’ అని కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక్క ముక్క రాయించుకోండి. ప్రిన్సిపాల్ గారు మీటింగ్‌లో ఉన్నారంటారు. కూర్చోండి, కాఫీ తెప్పిస్తారు.