నూటపదహార్ల పాకం

ఇంటి పెద్దాయనకి షష్టిపూర్తి. ఆయనకి షుగరు. అత్తయ్యగారికేమో కాజా లేని శుభకార్యం శుభకార్యమే కాదు, అందులోనూ తాపేశ్వరం పక్క పుట్టిన మనిషి. కిలో మైదాలో నెయ్యి పోసి కలిపారు, పొరలు మడిచారు, సన్నసెగన వేయించారు. అంతవరకూ ఏ వంకా లేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. గొడవంతా పాకం దగ్గరొచ్చింది.

"పంచదార బదులు షుగర్‌ఫ్రీ మాత్రలు వేసేయండత్తయ్యగారూ, సింపుల్" అన్నాడు హైదరాబాదు నుంచి దిగిన చిన్నల్లుడు. కోనసీమలో ఏ ఇంట చూసినా ఇంతే. వంట సలహాలన్నీ అరుగు మీంచే వస్తాయి, పొయ్యి దగ్గరికి మాత్రం ఒక్కరూ రారు.

ఆవిడ లెక్క కిలో మైదాకి కిలో పంచదార, అర లీటరు నీళ్ళు. మాత్ర ఒక్కటి చిన్న చెంచాడు పంచదారంత తీపి. కిలో పంచదారంటే అలాంటి చెంచాలు రెండొందల పైమాటే. అంటే మాత్రలూ రెండొందలు. ఇక్కడ ఆ మాత్రల డబ్బా గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. అది అగ్గిపెట్టెంత ఉంటుంది, పైన నొక్కితే కింద ఒక్క మాత్ర రాలుతుంది. చేసినవాడి మనసులో ఉన్నది కాఫీ కప్పు, కళాయి కాదు. మూత ఊడదీద్దామంటే గోళ్ళు విరగాలి. కళాయి మీద పట్టుకుని నొక్కుదామంటే ఆవిరి తగిలి కన్నంలో మాత్రలు చెమ్మగిల్లి అతుక్కుంటాయి. అప్పుడు రెండుసార్లు నొక్కినా ఒకటీ రాదు, మూడోసారికి మూడూ కలిసి పడతాయి. వాటినెలా లెక్కవేయాలి? అత్తయ్యగారు పీట వేసుకుని కూర్చుని టిక్కు టిక్కుమంటూ నొక్కుతున్నారు. నూటపధ్నాలుగు, నూటపదిహేను, నూటపదహారు అనేసరికి పక్కింటి పిన్నిగారు గుమ్మంలోకొచ్చి, "చదివింపులు అప్పుడే మొదలెట్టేశారేంటండీ? ఎవరివండీ ఆ నూటపదహార్లు?" అన్నారు. లెక్క గోదాట్లో కలిసింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలని ఒకరూ, నూటపదహారు దగ్గర ఆగడమే శుభమని ఇంకొకరూ. చివరికి పెద్దల్లుడు పచ్చడిబండతో ఆ డబ్బా పగలగొట్టి మొత్తం దిమ్మరించేశాడు. ప్లాస్టిక్ ముక్కలు గరిటెతో ఏరారు.

ఇక తీగ కోసం ఎదురుచూపులు. అత్తయ్యగారు చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీశారు. నీళ్ళు. పావుగంట మరిగింది. పిన్నిగారు చూశారు. నీళ్ళు. వీధిలో పాకం తెలిసిన ఆడవాళ్ళంతా వచ్చి వేళ్ళు కాల్చుకుని, "ఇంకా రావాలండీ" అని తీర్పిచ్చి వెళ్ళారు.

ఎక్కడ నుంచి వస్తుంది? తీగపాకమంటే నూటికి 80 పాళ్ళు పంచదార, మిగతాది నీరు. అంత చిక్కబడ్డాక మరుగు 106 డిగ్రీలు దాటి 112 వరకూ వెళుతుంది, తీగ సాగేది అప్పుడే. ఆ మాత్రల్లో తీపినిచ్చే ఆస్పర్టేము పంచదారకి సుమారు 200 రెట్లు తీపి. కిలో పంచదార తీపికి 5 గ్రాములు చాలు. అర లీటరు నీళ్ళలో 5 గ్రాముల మందు, మాత్ర కట్టడానికి కలిపిన కాస్త లాక్టోజూ వేస్తే అది నూరు డిగ్రీల దగ్గరే మరుగుతూ, తరిగి తరిగి అడుగంటుతుంది. పంచదార కాజాకి తీపి ఒక్కటే ఇవ్వదు. పొరల్లోకి దిగి గట్టిపడి, కరకర నిలబెట్టేది కూడా అదే. పైపెచ్చు ఆస్పర్టేము ఎక్కువసేపు మరిగితే విడిపోయి తీపి చస్తుంది. దించిన కాఫీలో కలుపుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. సుక్రలోజ్ అనే ఇంకో తీపి మందయితే వేడికి ఇంకాస్త ఓర్చుకునేది. తీగ మాత్రం దానికీ రాదు.

ఈ మధ్యలో తోడికోడలుగారి ప్రవేశం. "అది క్యాన్సరంటక్కా, వాట్సాప్‌లో వచ్చింది." వచ్చిన మాట నిజమే. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఆస్పర్టేముని 2బి వర్గంలో పెట్టింది. అంటే అనుమానం ఉంది, రుజువు చాలదు. కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన సారం కూడా ఆ వర్గంలోదే. ఈవిడ రోజూ పరగడుపున కలబంద ఆకుని తొక్కతో సహా రుబ్బుకుని తాగుతారు. ఆ నెలలోనే అదే సంస్థ నిపుణులు మోతాదు మళ్ళీ చూసి, కిలో శరీర బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాముల హద్దు మార్చనక్కర్లేదన్నారు. మాత్రలో 18 మిల్లీగ్రాములుంటే, 60 కిలోల మనిషి రోజుకి 133 మించి మింగితే గానీ ఆ గీత దాటడు. నిజంగా దూరం ఉండాల్సింది పుట్టుకతో వచ్చే జబ్బు ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్ళు. వాళ్ళ ఒంట్లో ఆస్పర్టేములోని ఫినైల్‌అలనిన్ సరిగ్గా విరగదు. డబ్బా మీద రాసేది వాళ్ళ కోసమే. ఆ మాట పైకి చదివిన మనవడికి "ఫినాయిలా!" అన్న కేకా, వెంటనే ఓ మొట్టికాయా దక్కాయి.

కాజాలు ఆ నీళ్ళలో పడ్డాయి. పొరలు ఉబ్బాయి, విప్పుకున్నాయి, కళాయి నిండా తడిసిన పూతరేకుల్లా తేలాయి. చప్పగా.

దాంతో చిన్నల్లుడు కారేసుకుని ఊళ్ళోకి పరిగెత్తాడు. మొదటి కొట్టువాడు, "షుగర్ వాళ్ళకి స్పెషలండి, ప్యూరు బెల్లం" అని పూతరేకులు చూపించాడు. బెల్లంలో సింహభాగం పంచదారేనయ్యా అంటే, "రంగు చూడండి సార్" అన్నాడు! ఈ బోర్డులు పీకించేవాడే లేడు. రెండో కొట్లో షుగర్‌లెస్ జీడిపప్పు బర్ఫీ రెండు కిలోలు దొరికింది. అందులో ఉన్నది పంచదార బదులు వాడే మాల్టిటాల్. పంచదారలాగే బరువూ, బిగువూ ఇస్తుంది కాబట్టి మిఠాయి నిలబడుతుంది. గ్రాముకి 2.4 క్యాలరీలు, పంచదారకైతే 4. ఒంట్లో షుగరు దాంతోనూ పెరుగుతుంది, కాస్త తక్కువగా. పేగుల్లో అరగని భాగం నీళ్ళు లాగుతుంది, పులిసి గాలి పడుతుంది. ప్యాకెట్‌లో అమ్మితే, ఇలాంటివి నూటికి పదిపాళ్ళో అంతకు మించో ఉన్నప్పుడు విరేచనాలు కావచ్చని అచ్చువెయ్యాలి. 2020 అక్టోబరు నుంచి విడి మిఠాయికి ఎప్పటిలోగా తినాలో ట్రే మీద రాయాలన్నారు గానీ, అట్టపెట్టె మీద ఉన్నది వేంకటేశ్వరస్వామి బొమ్మా, ఫోన్ నంబరూను.

షుగరు లేదు కదాని అందరూ ఇష్టారాజ్యంగా లాగించారు. పెద్దాయన ఒక్కటి తిని ఆగారు. చుట్టాలు ఆగలేదు. రాత్రి పదింటికి దొడ్లో లైటు వెలిగింది, మరి ఆరలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే మరుగుదొడ్డి.

తెల్లారి చిన్నల్లుడు ఫోన్ చేస్తే కొట్టువాడు నింపాదిగా అన్నాడు: "అది షుగరున్నోళ్ళకండీ. లేనోళ్ళు అన్నేసి ఎందుకు తిన్నారండీ?"