గులాబీ రంధ్రానికి సాష్టాంగం

కంప్యూటర్‌కి హెడ్‌సెట్ తగిలించడం తేలికని ప్రచారం చేసేవాళ్ల మీద ప్రభుత్వం వెంటనే కేసులు పెట్టాలి. అది తేలిక కాదు, సాధన. అందుకే పెద్దలు పిన్ను గుచ్చే ఆ రంధ్రాలను, అదే పోర్టులను, సీపీయూకి వెనక, టేబుల్ కింద, గోడవైపు, బూజుల మధ్య పెట్టించారు. ఎంతటి ఆఫీసరైనా మైకు పెట్టాలంటే నేలమీద పడి దండం పెట్టాల్సిందే.

భక్తులు తికమకపడకూడదని మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి పీసీ 99 అనే మార్గదర్శిలో రంగులు కూడా ఖాయం చేశాయి. మైకుకి గులాబీ, స్పీకర్లకి లేత ఆకుపచ్చ, బయటి ప్లేయర్ల శబ్దాన్ని లోపలికి తీసుకునే లైన్-ఇన్‌కి లేత నీలం. (ఏవైనా పార్టీలు గుర్తొస్తే మా బాధ్యత లేదు.) వెలుతురు చొరబడని చోట రంగులు అద్దడం సామాన్యులకి తట్టే ఆలోచన కాదు.

ముందువైపూ రెండు పోర్టులుంటాయి కదా అంటారు. ఉంటాయి. వాటి వైరును అసెంబుల్ చేసిన కుర్రాడు మదర్‌బోర్డుకి తగిలించి ఉంటే పనిచేస్తాయి, లేకపోతే అలంకారం.

తర్వాత ఫోన్లొచ్చాయి. మైకు, చెవులు కలిపి నాలుగు వలయాల ఒకే పిన్ను. దాన్ని పాత కంప్యూటర్ ఆకుపచ్చ పోర్టులో గుచ్చితే పార్టీ మీటింగులో కార్యకర్తలాగా అన్నీ వినొచ్చు, మాట్లాడ్డానికి లేదు. మాట కూడా కావాలంటే పిన్నును రెండుగా చీల్చే స్ప్లిటర్ కొనాలి.

ఆ నాలుగు వలయాల్లోనూ ఏకాభిప్రాయం లేదు. చివరి రెండింటిలో మైకు ఏది, గ్రౌండ్ (కరెంటు తిరిగెళ్లే దారి) ఏది అన్న దానిపై సీటీఐఏ, ఓఎమ్‌టీపీ అని రెండు సంప్రదాయాలు. ఒకదాని హెడ్‌సెట్ ఇంకోదానిలో పెడితే వాద్యాలు గుయ్యిమంటాయి, గాయకుడు మాయమైపోతాడు. వైరు మీది మైకు బటన్ నొక్కిపట్టుకుంటే మాత్రం తిరిగొస్తాడు. పాటంతా బొటనవేలితో గాయకుణ్ణి నిలబెట్టడం శ్రోతకి ఎంత గౌరవం!

ఇంత గొప్ప వ్యవస్థని చూసి ఓర్వలేక ఆపిల్ 2016లో ఐఫోన్ 7 నుంచి రంధ్రాన్నే పీకేసి, దానికి ధైర్యం అని పేరు పెట్టుకుంది. పాత ఇయర్‌ఫోన్స్ వాళ్ల కోసం డబ్బాలో ఒక అడాప్టర్ మాత్రం పెట్టింది. 2018లో అదీ తీసేసింది. ధైర్యం పెరిగినట్టుంది.