భద్రాచలంలో నీరు, అమలాపురంలో పడకలు

కోనసీమలో ఒక మండలం. కోవిడ్ లాంటి మహమ్మారి మళ్లీ వస్తే కేసుల లెక్క, ఆసుపత్రి లెక్క రోజూ గీసి సచివాలయం బోర్డు మీద పెట్టాలని లెక్కల మాస్టారి పట్టు. పెట్టొద్దని పీహెచ్‌సీ డాక్టరమ్మ పట్టు. నా మొగ్గు మాస్టారి వైపే. అయినా డాక్టరమ్మ మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి, వాటిని పలచన చెయ్యకుండానే రాశాను.

డాక్టరమ్మ: బోర్డు పెట్టి ఏం సాధిస్తారండి మాస్టారూ? అప్పుడూ రోజూ బులెటిన్ వచ్చేది కదా. 2021 మే 16న రాష్ట్రంలో ఒక్కరోజే 24,171 కేసులన్నారు. టీవీలో చూసి అయ్యో అనుకున్నారు, మాస్కు గడ్డం కిందకి లాక్కుని సంతకి వెళ్లిపోయారు.

మాస్టారు: ఆ అంకెతో ఎవరూ ఏమీ చేసుకోలేరు కాబట్టే మన అంకె కావాలంటున్నానమ్మా. రాష్ట్రంలో అన్ని జిల్లాలకంటే ఎక్కువ కేసులు తూర్పుగోదావరిలోనే వచ్చాయి. అప్పటి జిల్లా అంటే చింతూరు కొండల నుంచి సఖినేటిపల్లి రేవు దాకా కలిపి ఒకటే అంకె. కాకినాడలో తగ్గి రాజోలులో పెరిగితే మొత్తం నిలకడగానే కనబడుతుంది. రాజోలు వాడికి అది ఏం చెప్పినట్టు? మరి వరదప్పుడు మనం చేసేదేంటి? భద్రాచలంలో గోదారి 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు. ఆ ఒక్క రోజులో లంకల్లో పశువుల్ని గట్టు మీదకి తోలుకొస్తారు, మోటార్లు విప్పి పైకి చేరుస్తారు, నెలలు నిండిన వాళ్లని ఆసుపత్రికి దింపేస్తారు. ఈ రోగానికీ అలాంటి మెట్లే ఉన్నాయి. జ్వరం మొదలైన మూడు నాలుగు రోజులకి పరీక్షకి వస్తారు. ఊపిరి అందక ఆసుపత్రిలో చేరేది వారం, పది రోజులకి. ప్రాణం మీదకొచ్చేది రెండు మూడు వారాలకి. కేసులు భద్రాచలమైతే ఆసుపత్రి చేరికలు ధవళేశ్వరం. వరద ఒక రోజు వ్యవధి ఇస్తే ఇంత చేస్తున్నాం. ఇది నాలుగైదు రోజులు ఇస్తుంటే కళ్లు మూసుకుని కూర్చుందామా?

డాక్టరమ్మ: పోలిక బాగానే ఉందండి. కానీ భద్రాచలంలో కొలబద్ద ఒకచోట పాతేసి ఉంటుంది. మీ కేసుల కొలబద్ద రోజూ చోటు మారుతుంది. కిట్లు అందిన రోజు 200 పరీక్షలు, అందని రోజు 40. పైగా ఏ పరీక్ష? అక్కడికక్కడే ఫలితమిచ్చే యాంటిజెన్ కిట్‌ని 2020 జూన్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అనుమతించినప్పుడే చెప్పారు, రోగం ఉన్నవాళ్లలో అది పట్టేది 50.6 నుంచి 84 శాతం మందినేనని. అందుకే లక్షణాలుండి నెగెటివ్ వస్తే ల్యాబులో ఆర్‌టీపీసీఆర్ చేయించమన్నారు. ఎంతమంది చేయించారు? ఆ నెగెటివ్ కాగితం జేబులో పెట్టుకుని పెళ్లిళ్లకి వెళ్లిపోయారు. ఇంకొందరు ఆరెంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కించుకుని ఇంట్లోనే ఉండిపోయారు. మీరెత్తారు కాబట్టి వరద సంగతే తీసుకోండి. 2020 ఆగస్టులో ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక వచ్చింది. అవే రోజుల్లో రోగమూ ఉధృతంగా ఉంది. నీళ్లలో ఉన్న లంక నుంచి పడవెక్కి పరీక్షకి ఎవరొస్తారు? అక్కడ సున్నా కేసులంటే సున్నా పరీక్షలని అర్థం. ఆ సున్నాని మీరు బోర్డు మీద గీస్తారు. చూసినవాడు తగ్గిపోయిందనుకుంటాడు.

మాస్టారు: ఈ దెబ్బ గట్టిదేనమ్మా. కేసుల గీత ఒక్కటే పెడితే మీరన్నంతా జరుగుతుంది. అందుకే దాని పక్కన పరీక్షల సంఖ్య లేకుండా కేసు అనే మాటే రాయకూడదంటాను. పోయిన వారం రోజుకి 200 పరీక్షలు, 20 పాజిటివ్ అనుకోండి, పది శాతం. ఈ వారం 100 పరీక్షలు, 18 పాజిటివ్. కేసులు రెండు తగ్గాయి. శాతం మాత్రం 18. ఈ తగ్గుదలని నమ్మకూడదని పక్క అంకె చెబుతోంది కదా. ఆంక్షలు సడలించాలంటే రెండు వారాలపాటు పాజిటివిటీ, అంటే పరీక్షల్లో పాజిటివ్ వాటా, 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో అన్నదీ ఇందుకే. సున్నా పరీక్షలున్న రోజు సున్నా వెయ్యను, గీత అక్కడ తెంపేస్తాను. యాంటిజెన్ వేరే గీత, ఆర్‌టీపీసీఆర్ వేరే గీత. రెండూ కలిపితే కిట్లు మారినప్పుడల్లా శాతం దానంతటదే మారిపోతుంది.

ఇక తేదీ. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బులెటిన్‌లో పడేది ఫలితం వచ్చిన తేదీ. ల్యాబులో నమూనాలు నాలుగు రోజులు పేరుకుని ఐదో రోజున ఒక్కసారి వస్తే కొండంత పెరిగినట్టు ఉంటుంది. నేను నమూనా తీసిన తేదీ మీద వేస్తాను. అలా వేస్తే ఒక చిక్కుంది, ఫలితాలు ఇంకా రాలేదు కాబట్టి చివరి మూడు నాలుగు రోజులు ఎప్పుడూ తగ్గుతున్నట్టే కనబడతాయి. అవి పెన్సిల్‌తో వేస్తాను, నిండాక సిరాతో దిద్దుతాను. పెన్సిల్ భాగం చూసి ఎవరూ మాట్లాడకూడదు. ఆదివారం పరీక్షలు తగ్గుతాయి, ఆ రోజు అంకె పడిపోతుంది, తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని రోగం కదలిక అనుకోకుండా ఏడు రోజుల సగటు వేస్తాను. ఆరు రోజులకో, ఎనిమిది రోజులకో వేస్తే ఒక్కోసారి రెండు ఆదివారాలు పడతాయి, ఒక్కోసారి అసలు పడవు.

డాక్టరమ్మ: బాగా జబ్బు చేసినవాళ్లకే పరీక్ష చేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది మాస్టారూ. ఊరంతా తిరిగి అందరికీ చేస్తే పడిపోతుంది. అప్పుడు మీ పక్క అంకె కూడా మారే కొలబద్దే.

మాస్టారు: అవును. అందుకే మూడోది కావాలి, ఆసుపత్రి. ఊపిరి ఆడనివాడు కిట్లు ఉన్నాయో లేవో చూసి ఆసుపత్రికి రాడు.

డాక్టరమ్మ: ఆసుపత్రి లెక్క ఇంకా మోసం. పడకలు నిండాక అంకె పైకి పోదు. అరవై పడకలుంటే అరవయ్యే. బయట చెట్టు కింద ఆటోలో పదిమంది ఉన్నా బోర్డు మీద అరవయ్యే. నిండిన కుండలో ఎంత పోసినా మట్టం అంతే కదండీ.

మాస్టారు: సరిగ్గా పట్టుకున్నారు. అందుకే నిండిన పడకలు లెక్కపెట్టొద్దు, ఆ రోజు కొత్తగా చేరినవాళ్లని లెక్కపెట్టమంటున్నాను. అమలాపురం ఆసుపత్రిలో అరవై ఆక్సిజన్ పడకలు, ఒక్కొక్కరూ సగటున పది రోజులు ఉంటారనుకోండి. రోజుకి నలుగురు చేరుతుంటే 40 పడకలు నిండి ఉంటాయి. ఆరుగురైతే అరవై, అంటే ఇక ఖాళీ లేదు. ఇప్పుడు నలుగురున్న చేరికలు వారంలో ఎనిమిదికి పెరిగాయనుకుందాం. చేరినవాళ్లని కలిపి, రోజూ ఇంటికెళ్లే నలుగుర్ని తీసేస్తే ఏడో రోజుకి 54 పడకలు నిండుతాయి. పడకల లెక్క చూసేవాడు ఇంకా ఆరు ఖాళీ అనుకుంటాడు. తొమ్మిదో రోజు చోటుండదు. చేరికల గీత చూసినవాడికి మూడో రోజుకే గుండె గుభేల్మంటుంది. ఆ ఆరు రోజుల తేడాలోనే సిలిండర్లు తెప్పించుకోవాలి, కాకినాడ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) ముందే కబురు చెయ్యాలి, ఊళ్లో డెబ్భై దాటినవాళ్లకి ఆక్సీమీటరు పెట్టి చూసి రావాలి.

నిండాక ఏం చెయ్యాలో కూడా చెబుతాను. చోటులేక పంపేసినవాళ్లని, వేరే ఊరికి రాసి పంపినవాళ్లని చేరినట్టే రాయాలి. ఆక్సిజన్ వాడకం రాయాలి. నిమిషానికి పది లీటర్లు తీసుకునే మనిషికి రోజుకి 14,400 లీటర్లు, పెద్ద డీ టైపు సిలిండరులో పట్టేది సుమారు 7,000, అంటే మనిషికి రెండు సిలిండర్లు. నిమిషానికి అరవై లీటర్లు పంపే హై ఫ్లో యంత్రం పెడితే ఒక్క మనిషికే రోజుకి పన్నెండు. పడకల సంఖ్య కదలకుండా సిలిండర్లు మాత్రం రెట్టింపయితే లోపల మనుషులకి ముదురుతోందని అర్థం. ఈ లెక్కకి ఏ యాపూ అక్కర్లేదు. ఖాళీ సిలిండర్లు ఎక్కించి పంపేవాడి పుస్తకం చాలు.

డాక్టరమ్మ: ఆ పుస్తకంలో ఎవరి ఊరి మనిషని ఉంటుందండి? మన మండలం మనిషి కాకినాడలో చేరితే కాకినాడ లెక్కా, మనదా? హైదరాబాదు నుంచి వచ్చినవాడి ఆధార్‌లో కూకట్‌పల్లి ఉంటుంది. గల్ఫ్ నుంచి దిగినవాడి ఆధార్‌లో మన ఊరే ఉంటుంది, వాడిక్కడ పడుకున్నది రెండు రాత్రులు.

మాస్టారు: గడిచిన పద్నాలుగు రోజుల్లో ఎక్కువ రాత్రులు ఎక్కడ పడుకున్నాడో ఆ ఊరు.

డాక్టరమ్మ: అలాగైతే యానాం సంగతి చెప్పండి. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, లెక్క మాత్రం పుదుచ్చేరి బులెటిన్‌లో. యానాం వాడు కాకినాడలో చేరతాడు, మనవాడు యానాంలో కూలి చేస్తాడు. మీ మండలం గీతలో యానాం లేకపోతే మధ్యలో చిల్లే.

మాస్టారు: యానాం ఆసుపత్రి నుంచి అంకె అడిగి తెచ్చుకుందాం.

డాక్టరమ్మ: ఎవరిస్తారు? అది వేరే ప్రభుత్వం.

మాస్టారు: గోదారికి ప్రభుత్వం లేదు కదమ్మా. గౌతమి పొంగితే యానాం మునిగింది, మనమూ మునిగాం.

డాక్టరమ్మ: నీటికి లేకపోవచ్చు, రిజిస్టర్లకి ఉంటుంది. అంతెందుకు, 2022 ఏప్రిల్ 4న జిల్లాలే విడిపోయాయి. కాకినాడ వేరు, కోనసీమ వేరు, ఏజెన్సీ అల్లూరి జిల్లాలోకి పోయింది. ఇప్పటి కోనసీమ అంకెని 2021 నాటి తూర్పుగోదావరి అంకెతో పోల్చి భలే తగ్గిందని ఎవరో ఒకరు రాస్తారు చూడండి.

మాస్టారు: అందుకే మండలం స్థాయిలో దాచమంటున్నాను. జిల్లాల గీతలు మారినా మండలాలని మళ్లీ కూడుకోవచ్చు. యానాం గురించి మీ మాటే నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. బోర్డు మీద ఒక గడి ఖాళీగా ఉంచి ‘యానాం తెలియదు’ అని రాస్తాను.

డాక్టరమ్మ: అసలు మాటకి రండి. మీ అంకెల వెనక ఉన్న మనుషుల మాటేంటి? ఇరవై గడపల పేటలో ఒక కేసని బోర్డు మీద రాస్తే పేరు రాసినట్టే. అప్పుడేం చేశారో తెలియదా? ఇంటి ముందు కర్రలు అడ్డంకట్టారు, పాలవాడు పాలు పోయలేదు, కిరాణా కొట్టువాడు సరుకివ్వలేదు. దాంతో ఏమైంది? జ్వరమొచ్చినవాడు దాచుకున్నాడు. మూడో రోజు పరీక్షకి రావలసినవాడు తొమ్మిదో రోజున ఆక్సిజన్ 82తో ఆసుపత్రికొచ్చాడు. బోర్డు భయపెడితే పరీక్షకి రారు, రాకపోతే మీ గీత కిందకి దిగుతుంది, రోగం పైకి పోతుంది. కొలవడమే కొలబద్దని విరగ్గొడుతుంది మాస్టారూ. దీనికి ఏడు రోజుల సగటు మందు కాదు.

మాస్టారు: ...కాదు. ఒప్పుకుంటాను. ఊరి పేరు రాయను. మండలం మొత్తానికే అంకె. ఐదుకంటే తక్కువుంటే అంకె కూడా వెయ్యను, ‘ఐదు లోపు’ అనే రాస్తాను. చిన్న అంకెతో లెక్క పరంగానూ ఇబ్బందే. రెండు నాలుగయితే వంద శాతం పెరిగిందని కేకలేస్తారు. ఇలాంటి అంకె దాదాపు తన వర్గమూలమంత అటూఇటూ ఊగుతుంది. తొమ్మిది ఉన్నచోట దాని వర్గమూలం మూడు, అంటే ఆరు కనబడినా, పన్నెండు కనబడినా మామూలు ఊగిసలాటే. వరసగా రెండు వారాలు ఒకే దిక్కుకి పోతేనే కదిలిందంటాను.

డాక్టరమ్మ: చావుల గీత పెడతారా?

మాస్టారు: రోజువారీ పెట్టను. ఆలస్యంగా తెలుస్తాయి, గుట్టగా వచ్చి పడతాయి. 2021 జూన్ 9న బీహార్ పాతవన్నీ సరిచూసి ఒక్కరోజే 3,951 మరణాలు కలిపింది. ఆ రోజు గీత చూసినవాడు ఏమనుకోవాలి? నెలకోసారి పంచాయతీ మరణాల రిజిస్టరుతో, అంతకుముందు ఐదేళ్ల అదే నెలతో పోల్చి చూస్తే చాలు. అది జరిగిపోయినదానికి లెక్క. ముందు హెచ్చరిక కాదు.

డాక్టరమ్మ: సరే, రాసేదెవరు? మా ఏఎన్‌ఎంలు పట్టలేనన్ని రిజిస్టర్లు రాస్తున్నారు. సెప్టెంబరులో డెంగీ, టైఫాయిడ్ జ్వరాలు కూడా వస్తాయి, అప్పుడు ఆ లెక్క వేరు. మీ బోర్డు కోసం ఒక బాలింత ఇంటికి వెళ్లడం మానేస్తే నేనొప్పుకోను.

మాస్టారు: ఏఎన్‌ఎం రాయక్కర్లేదు. నాలుగే అంకెలు. నిన్న తీసిన నమూనాలు, వాటిలో పాజిటివ్ తేలినవి, ఆసుపత్రిలో కొత్త చేరికలు పంపేసినవాళ్లతో కలిపి, వాడిన సిలిండర్లు. మీ కంప్యూటరు ఆపరేటరు రెండు చెబుతాడు, ఆసుపత్రి అడ్మిషన్ కౌంటరు రెండు చెబుతుంది. ఫోను మీద పది నిమిషాలు. గీసేది నేను.

డాక్టరమ్మ: ఆదివారం?

మాస్టారు: ఆదివారం పరీక్షలు జరగకపోతే గీత తెంపుతాను. చేరికలు ఆదివారం ఆగవు కాబట్టి సోమవారం పొద్దున్నే రెండు రోజులవీ అడిగి రాసుకుంటాను.

డాక్టరమ్మ: అలాగైతే అంకెలు చెప్పిస్తాను. పేర్లున్న రిజిస్టరు మాత్రం మీరడిగినా ఇవ్వను. పెన్సిల్‌తో వేసిన మూడు రోజుల్ని ఎవరైనా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఆ పూటే బోర్డు తీయిస్తాను.

మాస్టారు: ఆ మూడు రోజుల మీద అట్ట అడ్డం పెడతానమ్మా.